ఇండీ గేములకు ఏది మేలు: స్టీమా, గేమ్ పాసా, స్విచ్చా, ఇచ్ డాట్ ఐఓనా?

ఇండీ గేములు, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా ఒకరిద్దరో చిన్న జట్టో చేసే గేములు, ఆడటానికి ఏం కొనమంటారు అని అడిగేవాళ్లు చాలామంది గ్రాఫిక్స్ కార్డు దగ్గరే ఆగిపోతారు. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసిన వ్యవసాయం గేము స్టార్‌డ్యూ వ్యాలీకి 2 జీబీ ర్యామ్, 500 ఎంబీ చోటు ఉంటే చాలు. ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న పాత లాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది. మరి దాన్ని ఎక్కడ కొనాలి? అక్కడే అసలు తేడా.

కొనేవాడి వైపు నుంచి చూస్తే నా ఓటు పీసీ గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌కే. ధరలు రూపాయల్లో ఉంటాయి, యూపీఐతో కట్టేయొచ్చు. మన దేశానికి విడిగా తక్కువ ధర పెట్టే వీలు గేము చేసినవాళ్లకు ఉంటుంది, చాలామంది పెడతారు కూడా. నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపే అయితే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. పేరు కూడా వినని ఎవరో చేసిన గేము మీద డబ్బు పెట్టడానికి ధైర్యం వచ్చేది ఈ ఒక్క నిబంధన వల్లే. అన్ని చోట్లా అంత తేలిగ్గా కుదరదు. ప్లేస్టేషన్ స్టోర్‌లో అయితే డౌన్‌లోడ్ మొదలుపెడితే చాలు, మామూలుగా రీఫండ్ ఆశ వదులుకోవాల్సిందే.

కాకపోతే ఆ రెండు గంటల లెక్కే చిన్న గేముల పాలిట శాపం. వెన్బా తీసుకోండి. టొరంటోలో చేసిన గేము, 2023 జూలైలో వచ్చింది. కెనడా వెళ్లిన తమిళ తల్లి, చిరిగిపోయిన అమ్మ వంటల పుస్తకం ముందు పెట్టుకుని, చెరిగిపోయిన చోట ఏముండేదో ఊహించుకుంటూ వండుతుంది. మొదటి వంట ఇడ్లీ. ఆవిరి పై ప్లేటు దాకా వెళ్లాలంటే ప్లేట్లు ఎలా పేర్చాలన్నదే అక్కడి పజిల్. మన ఇళ్లలో ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు! మొత్తం గేము గంటన్నరలో అయిపోతుంది. అంటే పూర్తిగా ఆడేసి, కళ్లు తుడుచుకుని, డబ్బు వెనక్కి అడిగినా స్టీమ్ రూల్ అడ్డుపడదు. చేసినవాళ్ల గతి?

ఇలాంటి పొట్టి గేములకు గేమ్ పాస్, అంటే నెల నెలా చందా కట్టి బోలెడు గేములు ఆడుకునే మైక్రోసాఫ్ట్ సర్వీసు, బాగా నప్పుతుంది. వెన్బా విడుదలైన రోజే అందులోకి వచ్చింది. 2025 సెప్టెంబరులో హాలో నైట్: సిల్క్‌సాంగ్ కూడా అంతే. దేనికీ విడిగా డబ్బు కట్టం కాబట్టి పది నిమిషాలు ఆడి పక్కన పడేసినా బాధ ఉండదు. కానీ ఆ సెప్టెంబరు దాటీ దాటకముందే, అక్టోబరులో చందాలు బాగా పెంచేశారు. పైగా కొంతకాలానికి గేము అందులోంచి వెళ్లిపోవచ్చు. స్టార్‌డ్యూలో మూడేళ్లుగా పెంచుకున్న పొలం అలా మధ్యలో ఆగిపోతే ఊరుకునే ఓపిక నాకైతే లేదు. నెలకు నాలుగైదు గేములు రుచి చూసేవాళ్లు కట్టండి. ఒకే గేము ఏడాది పొడుగునా ఆడేవాళ్లకు దండగ.

నిన్‌టెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ స్విచ్ సంగతి వేరు. మంచం మీద పడుకుని, బస్సులో కూర్చుని ఆడుకోవడానికి ఇండీ గేముల కోసమే పుట్టిందా అన్నట్టు ఉంటుంది. చిక్కల్లా ఒకటే, నిన్‌టెండో దాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మదు. బయటి నుంచి తెప్పించిన సరుకు, వారంటీ ఉండదు, ఆన్‌లైన్ స్టోర్‌కు వేరే దేశం పేరుతో ఖాతా తెరవాలి. పుణెలోని నాడింగ్ హెడ్స్ వాళ్లు మన పురాణాల మీద చేసిన రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్ కూడా 2020 ఆగస్టులో ముందు స్విచ్ మీదే వచ్చింది. మనవాళ్ల గేము, మన దగ్గర అమ్మని మిషన్ మీద! పీసీ, మిగతా కన్సోళ్ల మీదికి రావడానికి అక్టోబరు దాకా పట్టింది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న తెలుగువాళ్లయితే ఈ పేరా వదిలేసి స్విచ్ కొనుక్కోవచ్చు.

ఫోను? పేకాట లాంటి బలాత్రోకి వేలు చాలు, స్టార్‌డ్యూకి కూడా ఫోను వెర్షన్ ఉంది. గెంతడం, కత్తి దూయడం ఉన్న గేములు మాత్రం తెర మీద బొత్తాలతో నరకం.

ఇక ఇచ్ డాట్ ఐఓ, ఎవరైనా తమ గేము పెట్టుకోగల వెబ్‌సైటు. అసలు ఇండీ అంటే ఏమిటో చూడాలంటే ఇక్కడికే రావాలి. స్టీమ్‌లో గేము పెట్టాలంటే ఒక్కోదానికి 100 డాలర్లు కట్టాలి, ఇక్కడ పైసా అక్కర్లేదు. అమ్మిన డబ్బులో స్టీమ్ మామూలుగా 30 శాతం పట్టుకుంటుంది. ఇచ్ వాటా ఎంతో గేము పెట్టినవాళ్లే చెప్పొచ్చు, ఏమీ మార్చకపోతే 10 శాతం. స్టీమ్‌కు పోటీ దుకాణం ఎపిక్ స్టోర్ అయితే ఒక్కో గేముకు ఏడాదికి తొలి పది లక్షల డాలర్ల దాకా ఏమీ తీసుకోదు, ఆ పైన కూడా 12 శాతమే కానీ, కొనే జనం ఎక్కువగా స్టీమ్‌లోనే ఉన్నారు. 500 రూపాయల గేముకు స్టీమ్‌లో 150 పోతే ఇచ్‌లో మామూలుగా 50 పోతుంది.

పెట్టడానికి పైసా అక్కర్లేదు కాబట్టే ఇక్కడ సగం చేసినవి, పిచ్చివి, ఒక్క రాత్రిలో కట్టినవి అన్నీ కలిసి ఉంటాయి. 2018లో పేరు మోగిన సెలెస్ట్‌కు తొలి రూపం నాలుగు రోజుల్లో చేసిన బుల్లి గేము. దాన్ని ఇప్పటికీ ఇక్కడ బ్రౌజర్‌లోనే ఉచితంగా ఆడొచ్చు. చెత్త చాలా ఉంటుంది, వెతికే ఓపిక కావాలి. మన కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. అదీగాక, డబ్బు చెల్లింపుల కంపెనీల ఒత్తిడితో 2025 జూలైలో ఇచ్ పెద్దలకు మాత్రమే అనే గేములన్నిటినీ సెర్చ్‌లో కనబడకుండా చేసింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయనుకున్న చోట కూడా గొళ్లెం ఇంకొకరి చేతిలో ఉందన్నమాట.

ఇచ్‌లో మీకు నచ్చినంత ఇవ్వండి అని పెట్టిన గేముల్లో డౌన్‌లోడ్ నొక్కగానే ముందు డబ్బు అడిగే పెట్టె వస్తుంది. దాని మీదే, ఇప్పుడొద్దు నేరుగా తీసుకెళ్లు అని చిన్న లింకు ఉంటుంది. ముందు ఆ లింకే నొక్కండి. ఆడాక బాగుందనిపిస్తే మళ్లీ వచ్చి ఓ రెండు వందలు వెయ్యండి, అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చినా తీసుకుంటారు.