అంకె ముందా, లక్ష్యం ముందా: సాఫ్ట్‌వేర్ నాణ్యతను కొలవడానికి ఏది మేలు?

సాఫ్ట్‌వేర్ నాణ్యతను కొలవాలనగానే మా రుషికొండ ఆఫీసులో మొదట జరిగే పని, టూల్ ఇచ్చే అంకెలను, అంటే కోడ్ కవరేజీ (టెస్టులు నడిపిన కోడ్ శాతం), వెయ్యి లైన్లకు దొరికిన లోపాలు, 1976లో థామస్ మెక్‌కేబ్ ప్రతిపాదించిన సైక్లోమాటిక్ సంక్లిష్టత (కోడ్‌లో ఉన్న స్వతంత్ర దారుల సంఖ్య) వంటివాటిని, తెచ్చి బోర్డు మీద పెట్టడం. ఇది చవక, పైగా ఈ నెలకూ పోయిన నెలకూ తేడా వెంటనే తెలుస్తుంది. అయితే ఆ అంకె దేనికి జవాబో ఎవరూ అడగరు.

ఫిషింగ్ హార్బర్‌లో చేపల టోకు వ్యాపారుల కోసం మేము చేసిన బిల్లింగ్ యాప్ కవరేజీ 85 శాతం. తెల్లవారుజామున వేలం జోరులో సిగ్నల్ తగ్గినప్పుడు గుమాస్తా బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే బుట్టకు రెండు బిల్లులు పడేవి. మా టెస్టులు ఆ లైన్లను నడిపాయి గానీ, వచ్చిన ఫలితం సరైనదేనా అని చూడలేదు. కవరేజీ లెక్కపెట్టేది నడిచిన లైన్లనే.

విక్టర్ బాసిలీ, డేవిడ్ వైస్ 1980లలో నాసా గొడ్డార్డ్ కేంద్రపు ప్రాజెక్టులపై పనిచేస్తూ రూపొందించిన జీక్యూఎం (గోల్-క్వశ్చన్-మెట్రిక్) పద్ధతి దీనికి తలకిందులు: ముందు లక్ష్యం, తర్వాత ప్రశ్నలు, చివర కొలతలు. ఎవరి దృష్టిలో, ఏ సందర్భంలో అన్నది కూడా లక్ష్యంలోనే రాయాలి. "వేలం వేళ గుమాస్తాకు ప్రతి బిల్లూ ఒక్కసారే నమోదు కావాలి" అని రాసుకున్నాక, ఎన్ని బిల్లులు రెట్టింపయ్యాయి, రసీదు నంబరు ఎన్ని సెకన్లకు వచ్చింది, విసిగిపోయి ఎన్నింటిని కాగితం మీద రాశారు అన్న ప్రశ్నలు పుట్టాయి. మూడోదానికి జవాబు ఏ టూల్‌లోనూ లేదు, ఐసు నీళ్లకు అంచులు ఉబ్బిన గుమాస్తా నోట్‌బుక్కులో ఉంది. లక్ష్యం మీద వాదనకే ఒక పూట పోతుంది. దాన్ని మేనేజరు ఒక్కరే రాస్తే "నాణ్యత పెంచాలి" దగ్గరే ఆగిపోతుంది.

సాఫ్ట్‌వేర్ నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 25010 మూడో దారి. 2011లో ఎనిమిది నాణ్యతా లక్షణాలతో వచ్చి, 2023 సవరణలో సేఫ్టీని (ప్రమాదం జరగకుండా చూడటాన్ని) కలుపుకుని తొమ్మిదికి చేరింది. మరిచినదాన్ని గుర్తుచేసే జాబితాగా మంచిదే గానీ, మన సందర్భంలో ఏది ముఖ్యమో అది చెప్పదు.

చిన్న బృందానికి నా ఓటు జీక్యూఎంకే, అదీ ఒక లక్ష్యం, మూడు ప్రశ్నలకు మించకుండా. కవరేజీని తీసేయనక్కర్లేదు, ఏదో ఒక ప్రశ్న కింద దానికి చోటు దొరికితే ఉంచుకోవచ్చు. మా బోర్డు మీద ఇప్పుడు అన్నిటికన్నా పైన ఉన్న అంకె, ఆ నోట్‌బుక్కులో చేతిరాత బిల్లుల లెక్క.