ఐబీఎమ్ మోడల్ ఎమ్ కీబోర్డు: దశాబ్దాలు వాడాక

విండోస్‌కు ముందటి డాస్ రోజుల్లో చేతికొచ్చిన ఈ కీబోర్డు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. దీని కళ్లముందే 386 కంప్యూటర్ పోయింది, పెంటియమ్ పోయింది, ఫ్లాపీలూ లావుపాటి మానిటరూ పోయాయి. వాటిలో దేనికి ఎంత ర్యామ్ ఉండేదని అడిగితే చెప్పలేను. దీన్ని మాత్రం కళ్లు మూసుకుని గుర్తుపడతాను.

1985లో వచ్చిన డిజైన్ ఇది. ప్రతి కీ కింద ఓ చిన్న స్ప్రింగు ఉంటుంది. నొక్కుతుంటే కొంతదూరం ఎదురు నిలిచి, ఒక్కసారిగా టక్కున వంగిపోతుంది. అక్షరం పడేదీ సరిగ్గా అప్పుడే. తెర వంక చూడక్కర్లేదు, వేలికే తెలిసిపోతుంది. స్ప్రింగు బదులు కీల కింద రబ్బరు ఉండే కీబోర్డులో ఈ భరోసా లేదు. కీల మీద అక్షరాల రంగు ప్లాస్టిక్‌లోకే ఇంకి ఉంటుంది కాబట్టి ఇన్నేళ్లయినా ఒక్కటీ చెరగలేదు.

ఇక మోత. రాత్రిపూట పని చేస్తే పక్కగదిలో వాళ్లకు నిద్ర ఉండదు, ఇంట్లో ఈ గొడవ ఇప్పటికీ తెగలేదు. నాది 101 కీల రకం, విండోస్ కీ లేదు. విండోస్ 95 కాలం నుంచీ కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కి స్టార్ట్ మెనూ తెరుస్తున్నాను. కొన్ని కీలను మూడేసి చొప్పున ఒకేసారి నొక్కితే ఒకటి కంప్యూటర్‌కు అందదు, గేములు ఆడేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది. పీఎస్/2 అనే పాతకాలపు గుండ్రటి సాకెట్ లేని కంప్యూటర్‌కైతే లోపల సర్క్యూట్ ఉన్న కన్వర్టర్ కొనాలి. ప్లగ్గు ఆకారం మాత్రమే మార్చే చవక అడాప్టర్ దీనికి పనికిరాదు.

అసలు బలహీనత లోపలుంది. కీల పలకనూ వెనక ఇనుప రేకునూ కలిపి పట్టుకునేవి ప్లాస్టిక్ రివెట్లు. ఏళ్లు గడిచేకొద్దీ అవి పెళుసెక్కి ఒక్కొక్కటే ఊడిపోతాయి. నా దాంట్లో ఒక మూల కీలు మెత్తబడితే సంగతేమిటా అని విప్పాను. (పెట్టె విప్పడానికి సన్నమూతి 5.5 మి.మీ. నట్‌డ్రైవర్ కావాలి, మామూలు స్క్రూడ్రైవర్‌తో కాదు.) విరిగిన తలలు గలగలా రాలాయి. వాటి చోట సన్నటి రంధ్రాలు వేసి బోల్టులు బిగించాను. ఓపిక పరీక్షించే పనే, కానీ కీలు మళ్లీ మునుపటిలా టక్కుమన్నాయి.

పాతది కొనేటట్లయితే ముందు చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. లోపల ముక్కలు గలగలమంటే ధర తగ్గించమనండి. విప్పే ఓపిక లేకపోతే ఇదే పద్ధతిలో యూనికాంప్ అనే కంపెనీ కొత్తవి చేస్తోంది, యూఎస్‌బీతోనూ వస్తాయి.