కాపీరైట్ రాసివ్వడమా, సీసీ లైసెన్సా? మెడికల్ పేపర్లకు ఏది మేలు

కర్నూలు, అనంతపురం, కడప మెడికల్ కాలేజీల్లో పీజీలకు థీసిస్ నుంచి వచ్చే పేపరే చాలావరకు మొదటి ప్రచురణ. అది యాక్సెప్ట్ అయిందన్న సంబరంలో కాపీరైట్ ఫారం చదవకుండా సంతకం పెట్టొద్దు. మీ గ్రాఫ్‌లు, ఫొటోలు ఇకపై ఎవరి చేతిలో ఉంటాయో తేల్చేది ఆ కాగితమే.

కాపీరైట్ పూర్తి బదిలీ అడిగేవి ఎక్కువగా చందా జర్నళ్లు. వాటికి సాధారణంగా ప్రచురణ ఫీజు కట్టక్కర్లేదు, అదే దీని మేలు. కానీ రేపు మీ గ్రాఫ్‌నే మీరు రాసే పుస్తకంలో వేసుకోవాలన్నా ఒప్పందంలో వెసులుబాటు లేకపోతే అనుమతి అడగాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే చెల్లుతుంది. అందుకే ఫారాల్లో ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం’ అన్న మాట ఉంటుంది. అంటే రచయితల్లో చివరివారు పోయాక మరో 60 ఏళ్లు. రచయితగా గుర్తింపు మాత్రం 57వ సెక్షన్ కింద మీకే ఉంటుంది. అంకెల మీద, కనుగొన్న విషయం మీద కాపీరైట్ ఉండదు కాబట్టి అదే డేటాతో కొత్త గ్రాఫ్ గీసుకోవచ్చు.

సీసీ అంటే క్రియేటివ్ కామన్స్: ఏ షరతులతో వాడుకోవచ్చో అందరికీ ముందే చెప్పే లైసెన్సులు. వాటిలో సీసీ బై తీసుకుంటే కాపీరైట్ మీ దగ్గరే ఉంటుంది. మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. ఇలాంటి జర్నళ్లు చాలావరకు అడిగే ప్రచురణ ఫీజుకు మాఫీ దొరికితే మామూలు పరిశోధనా వ్యాసానికి ఇదే మేలని మా గట్టి అభిప్రాయం: పీహెచ్‌సీ డాక్టరు కూడా డబ్బు కట్టకుండా చదవగలగాలి.

వాణిజ్య వాడకాన్ని ఆపే సీసీ బై-ఎన్‌సీ ఇంకా భద్రమనిపిస్తుంది. అయితే చాలాచోట్ల దానితోపాటు విడిగా ఒక ఒప్పందం ఉంటుంది. అందులో ‘ఎక్స్‌క్లూజివ్’ అని ఉంటే వాణిజ్య హక్కులు ప్రచురణకర్తకు పోతాయి. మందుల కంపెనీకి రీప్రింట్లు అమ్మేది వాళ్లే, మీరు కాదు. ఆ మాట తీసేసి ‘నాన్-ఎక్స్‌క్లూజివ్’ అని పెట్టమని సంతకానికి ముందే ఎడిటర్‌కు మెయిల్ పెట్టండి.

రోగి ఫొటోల సంగతి వేరు. అనంతపురం ఫ్లోరోసిస్ పిల్లల పళ్ల ఫొటోలు సీసీ బైలో వేస్తే, టూత్‌పేస్ట్ ప్రకటనలో వాడిన కంపెనీని కాపీరైట్ పేరుతో ఆపలేరు. రోగి గోప్యత హక్కు ఈ లైసెన్స్ పరిధిలోకి రాదు. తల్లిదండ్రులు నిలదీసేది మిమ్మల్నే. కాబట్టి సమ్మతి పత్రంలో ‘ఇంటర్నెట్‌లో ఎవరైనా వాడుకునే వీలుంది’ అని తెలుగులో రాయించి, వివరించి, సంతకం తీసుకోవాలి. దాంతోపాటు, వీలైతే వాణిజ్య వాడకమే కాదు, మార్పులు కూడా కుదరని సీసీ బై-ఎన్‌సీ-ఎన్‌డీ ఎంచుకోండి. సీసీ బై తప్పదంటే, జర్నల్ ఒప్పుకుంటే, ‘ఈ చిత్రం లైసెన్స్‌లో భాగం కాదు’ అని చిత్రం కింద రాయించండి.

మీవి కాని ప్రశ్నావళులకు ఏ లైసెన్సూ మీరు ఇవ్వలేరు. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షించడానికి 1975లో వచ్చిన ఎంఎంఎస్ఈ స్కోరు పత్రానికి హక్కుదారులున్నారు. దాన్ని పూర్తిగా అనుబంధంలో అచ్చు వేయకుండా స్కోర్లు మాత్రం ఇవ్వండి, లేదా పేపర్ పంపకముందే రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి.