జర్మనీలోని రోతెన్‌బుర్గ్‌లో ఫెరీన్‌వోనుంగ్ (సెలవులకి అద్దెకిచ్చే ఇల్లు) బుక్ చేసేవాళ్లకి: డిపాజిట్ క్యాష్‌గా చేతికివ్వకండి, "వంట వాసన" అని మింగేస్తున్నారు

క్రిస్మస్ ముందు రోతెన్‌బుర్గ్‌లో పిల్లలతో, అత్తమామలతో నిదానంగా కొన్నాళ్లు ఉందామని చూసేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. ఊరి గురించి చెప్పేదేం లేదు, ప్లోన్‌లైన్ అనే ఆ పాత కూడలి ముందు ఫోటో దిగని తెలుగువాళ్లు జర్మనీలో అరుదు. మేం దిగిన ఇల్లు కూడా మనందరం వెతికే సైట్‌లోదే. కోట గోడ లోపల, చెక్క దూలాల పాత ఇంట్లో పై అంతస్తు, రేటింగ్ బ్రహ్మాండం. "వంటింట్లో అన్నీ ఉన్నాయి, హాయిగా వండుకోండి" అని ఓనరమ్మ మెసేజ్‌లో రాసి మరీ ఇచ్చింది. డిపాజిట్ 250 యూరోలు, తాళాలు ఇచ్చేటప్పుడు క్యాష్‌గా.

చెక్-అవుట్ రోజు పొద్దున ఆవిడ వచ్చింది. వంటింటి వైపు చూడనేలేదు. స్టవ్ తుడిచారా, గిన్నెలు కడిగారా, ఏమీ అక్కర్లేదు. తిన్నగా హాల్లో కిటికీ దగ్గరికి వెళ్లి, కర్టెన్ అంచు రెండు వేళ్లతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ ఇంకోసారి. తల అడ్డంగా ఊపి, బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. జొండర్‌రైనిగుంగ్, అంటే ప్రత్యేక క్లీనింగ్, 180 యూరోలు. చేత్తో రాసింది కాదండీ, ప్రింట్ చేసి తెచ్చింది! తేదీ చోట మాత్రం ఖాళీ, అది మా ముందే పెన్నుతో నింపింది. అంటే కర్టెన్ ముట్టుకోకముందే, ఇంట్లో ప్రింటర్ దగ్గర కూర్చున్నప్పుడే ఆవిడకి వాసన తగిలిందన్నమాట. అదేం ముక్కో మరి. మిగిలిన 70 టేబుల్ మీద పడేసి, "ఇండియన్ ఫ్యామిలీలందరితో ఇదే గొడవ, ఇదేం రెస్టారెంట్ కాదు" అని పిల్లల ముందే అనేసింది. వండుకోండి అన్న మెసేజ్ చూపిస్తే, "వండుకోమన్నాను, వేయించమనలేదు" అట.

క్రిస్మస్ మార్కెట్‌లో కిండర్‌పున్ష్ (పిల్లల వేడి పానీయం) కప్పులకి కట్టిన ఫాండ్, అంటే కప్పు డిపాజిట్ మాత్రం పైసాతో సహా వెనక్కి వచ్చింది. అక్కడ ఎవరూ కప్పు వాసన చూడలేదు మరి.

ఇప్పుడు పనికొచ్చే సంగతులు. అసలు కీలకం స్టవ్ మీద పొగ లాగే హుడ్. రెండు రకాలు ఉంటాయి. అబ్‌లుఫ్ట్ అయితే గొట్టం గోడలోంచి బయటికి పోతుంది, పొగ బయట పడుతుంది. ఉమ్‌లుఫ్ట్ అయితే గాలిని పీల్చి, జిడ్డు ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్ దాటించి మళ్లీ గదిలోకే వదులుతుంది. రోతెన్‌బుర్గ్ పాత ఊళ్లో ఇళ్లకి డెంక్‌మాల్‌షుట్జ్ (పాత కట్టడాల రక్షణ) నిబంధనలు ఉంటాయి, అనుమతి లేకుండా బయటి గోడకి కన్నం పెట్టడానికి వీల్లేదు, అందుకే ఇలాంటి ఇళ్లలో ఉమ్‌లుఫ్టే ఎక్కువ. కనుక్కోవడం తేలిక. హుడ్ ఆన్ చేసి పైన సందుల దగ్గర చెయ్యి పెట్టండి, గాలి చేతికి కొడితే ఉమ్‌లుఫ్ట్. కింద ఉండే లోహపు జాలీ కడిగితే జిడ్డు పోతుంది గానీ, వాసన పట్టేది లోపలున్న కార్బన్. దాన్ని మామూలుగా మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాలి. మార్చకపోతే ఆ హుడ్ చప్పుడు చేసే ఫ్యాన్, అంతే. బుక్ చేసేముందే "హుడ్ ఏ రకం, కార్బన్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు" అని మెసేజ్‌లో అడగండి. జవాబు రాని ఇల్లు వదిలేయండి. ఇంకోటి, కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో అబ్‌లుఫ్ట్ హుడ్ ఆన్ కాకపోతే పాడైందనుకోకండి. పొయ్యి పొగ వెనక్కి లాగకుండా కిటికీకి స్విచ్ పెడతారు, కిటికీ తెరిస్తేనే హుడ్ తిరుగుతుంది.

మన వంటలో గోడలకీ కర్టెన్లకీ పట్టేది ఉడికే పప్పు కాదు, పోపు. కాగిన నూనెలో ఎండుమిర్చి, ఇంగువ పడగానే లేచే సన్నటి నూనె ఆవిరే గుడ్డకి అంటుకుంటుంది. ఏటవాలు కప్పు ఉన్న పై అంతస్తులో అది పైకి లేచి అక్కడే తిరుగుతుంది. కాబట్టి పోపు పెట్టాల్సి వస్తే చిన్న మూకుడులో, మూత పెట్టి, పడకగది తలుపు మూసి పెట్టండి. హుడ్ ముందే ఆన్ చేసి, వంటయ్యాక ఇంకో పావుగంట తిరగనివ్వండి. తర్వాత ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. కిటికీ కొంచెం వంచి రోజంతా వదిలేస్తే వాసన పోదు, గోడలు మాత్రం చల్లబడతాయి. ఇంటి దగ్గరే చేసిన పులిహోర పులుసు, కందిపొడి, చింతకాయ పచ్చడి తీసుకెళ్తే అన్నం, పెరుగు, నెయ్యితో పెద్దవాళ్లకి సరిపోతుంది, అసలు నూనె పొయ్యి ఎక్కే పనే ఉండదు. ఓనరమ్మ కూడా అదే అంటుంది, డబ్బు మింగాక.

డబ్బు సంగతి. విధిగా కట్టాల్సిన ఎండ్‌రైనిగుంగ్ (ఖాళీ చేశాక క్లీనింగ్ చార్జీ) ముందే చూపించే మొత్తం ధరలో కలిసి ఉండాలి, అది చట్టం. తలుపు దగ్గర కొత్తగా పుట్టే "విధి" చార్జీలు ఒప్పుకోకండి. డిపాజిట్ సైట్ ద్వారానో కార్డు మీదనో అయితేనే ఇవ్వండి. క్యాష్ తప్పదంటే సంతకంతో రసీదు తీసుకోండి. తాళాలు తీసుకున్న గంటలోనే కర్టెన్లు, సోఫా, హుడ్ జాలీ, మీటర్ వీడియో తీయండి. ఉబెర్‌గాబెప్రోటోకోల్, అంటే ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసుకునే అప్పగింత కాగితం, రెండు కాపీలు రాసి, వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ ఇద్దరూ సంతకం పెట్టాలి. చిరాకు పడితే పడనివ్వండి.

మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెకున్నవాడి మీద పడదు, జర్మన్ సివిల్ చట్టం బీజీబీలో 538 సెక్షన్ అదే చెప్తుంది. వంట ఆ మామూలు వాడకంలోదే. అంతకు మించి నష్టం జరిగిందని నిరూపించాల్సింది ఓనరే, ముందే ప్రింట్ చేసిన కాగితం బిల్లు కాదు. క్లీనింగ్ కంపెనీ అసలు బిల్లు అడగండి, 14 రోజుల గడువు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. దానికీ కదలకపోతే మాన్‌బెషైడ్, అంటే డబ్బు కట్టమని కోర్టు పంపే నోటీసు. బవేరియాలో ఉండేవాళ్లకి అది కోబుర్గ్ కోర్టు నుంచి వస్తుంది, అప్లికేషన్ ఆన్‌లైన్‌లో నింపొచ్చు, వకీలు అక్కర్లేదు. అవతలివాళ్లకి అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలు. నెదర్లాండ్స్‌లోనో ఫ్రాన్స్‌లోనో ఉంటే 5000 యూరోల లోపు వాటికి యూరోపియన్ స్మాల్ క్లెయిమ్స్ అనే చిన్న మొత్తాల కోర్టు పద్ధతి ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చే అమ్మానాన్నల పేరు మీద మాత్రం బుకింగ్ చేయకండి, వాళ్లు విమానం ఎక్కేశాక ఆ 180 కోసం ఎవరు తిరుగుతారు? ఇక్కడ అడ్రసు ఉన్నవాళ్ల పేరు మీదే ఉండాలి. ఒకసారి తేదీలు ఖాయం చేశాక 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు అనే హక్కు ఇలాంటి బసలకి లేదు, కాబట్టి రద్దు షరతులు ముందే చదవండి.

పిన్‌కోడ్ 91541 చూసి కోట లోపలే అనుకోకండి. డెట్‌వాంగ్‌కీ అదే పిన్‌కోడ్, అది కింద టౌబర్ లోయలో ఉంది. మ్యాప్‌లో కిలోమీటరే కనిపిస్తుంది గానీ ఊరు నది నుంచి దాదాపు 60 మీటర్లు పైన, స్ట్రోలర్‌తో, మోకాళ్ల నొప్పులున్న మామయ్యగారితో ఆ ఎక్కుడు రోజూ అయ్యే పని కాదు. రైల్లో వచ్చేవాళ్లు ష్టైనాఖ్‌లో మారాలి, స్టేషన్ నుంచి పాత ఊళ్లోకి వచ్చాక దారి రాళ్ల పరుపు, చిన్న చక్రాల సూట్‌కేసులైతే బ్యాక్‌ప్యాక్‌లకి మార్చుకోండి.

ఆ ఇల్లు ఈ రోజుకీ డిసెంబర్‌కి ఖాళీ చూపిస్తోంది, "ఫ్యామిలీలకి అనుకూలం" అని గుర్తు కూడా పెట్టారు. క్యాష్ డిపాజిట్ సంగతి షరతుల్లో అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది.