సీఈఓ జీతం, కంపెనీ ఆదాయం: ఏ లెక్కతో పోల్చడం మేలు?

వార్షిక నివేదికలు రాగానే ఎక్కువగా కనిపించేది ఒక్క ఏడాది పోలిక. ఇన్ఫోసిస్ సీఈఓ సలీల్ పరేఖ్ పారితోషికం 2023-24లోని రూ.66.25 కోట్ల నుంచి మరుసటి ఏడాది రూ.80.62 కోట్లకు, అంటే సుమారు 22 శాతం పెరగగా, కంపెనీ ఆదాయం రూ.1,53,670 కోట్ల నుంచి రూ.1,62,990 కోట్లకు, అంటే 6 శాతమే పెరిగింది. లెక్కలో తప్పేమీ లేదు. కానీ 2022-23లో ఆదాయం 20 శాతానికి పైగా పెరిగినా ఆయన పారితోషికం రూ.71.02 కోట్ల నుంచి రూ.56.44 కోట్లకు తగ్గింది. ఒక్క ఏడాదిని నమ్ముకుంటే సీఈఓ పారితోషికం ఆదాయాన్ని మించి పెరుగుతోందన్న వాదన, లేదన్న వాదన రెండూ నెగ్గుతాయి.

అంతకంటే మేలైనది కొన్నేళ్ల పెరుగుదలను కలిపి చూడడం. 2020-21లో పారితోషికం రూ.49.68 కోట్లు, ఆదాయం రూ.1,00,472 కోట్లు ఉండగా, 2024-25 నాటికి రెండూ దాదాపు 62 శాతమే పెరిగాయి. ఇంత చక్కగా కుదిరిన లెక్కను చూస్తే నాకు ముందు అనుమానమే కలుగుతుంది. మొదలుపెట్టే ఏడాదిని 2021-22కు జరిపితే ఆదాయం 34 శాతం, పారితోషికం 13.5 శాతం పెరిగినట్టు తేలుతుంది. 2022-23కు జరిపితే పారితోషికం 43 శాతం, ఆదాయం 11 శాతం అవుతాయి.

ఈ ఊగిసలాటకు ప్రధాన కారణం పారితోషికంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లు. ఎప్పుడో మంజూరైన షేర్లను అధికారి తీసుకున్న ఏడాదే, అప్పటి విలువ ప్రకారం, వాటిని పారితోషికంలో కలుపుతారు. 2021-22 నాటి రూ.71 కోట్లలో సుమారు రూ.52.3 కోట్లు, మరుసటి ఏడాది రూ.56.4 కోట్లలో సుమారు రూ.30.6 కోట్లు ఇలా వచ్చినవే. వీటిని తీసేస్తే మిగిలిన జీతం, బోనస్ వగైరా రూ.18.7 కోట్ల నుంచి రూ.25.8 కోట్లకు చేరాయి. అంటే పారితోషికం తగ్గిందని రాసిన ఏడాదే ఇవి 38 శాతం పెరిగాయి.

అలాగని షేర్లను పూర్తిగా వదిలేస్తే పారితోషికంలో పెద్ద భాగమే లెక్క తప్పుతుంది. కాబట్టి తీసుకున్న షేర్ల విలువకు బదులు ఆ ఏడాది మంజూరు చేసిన షేర్ల విలువను జీతానికి, బోనస్‌కు కలిపి, ఒకటికి మించిన ప్రారంభ సంవత్సరాలతో పోల్చే పద్ధతికే నా ఓటు. ఆదాయం వైపు కూడా ఒక సవరణ అవసరం: 2023-24లో ఇన్ఫోసిస్ ఆదాయం రూపాయల్లో 4.7 శాతం పెరిగినా, మారకపు రేటు ప్రభావాన్ని తీసేస్తే వృద్ధి 1.4 శాతమే. రూపాయి పతనం వల్ల వచ్చిన పెరుగుదలను సీఈఓ ఖాతాలో జమ వేయకూడదు.