చర్చలో మన మాటను ఇంకొకరు దిద్దవచ్చా?

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసాలకే కాదు, వాటి గురించి మాట్లాడుకునే చర్చా పేజీకి కూడా 'సవరించు' ఉంటుంది. అది నొక్కి, పక్కవాళ్ల వ్యాఖ్యనూ మార్చవచ్చు.

తిరుపతిలో మా స్నేహితులం చంద్రగిరి కోట గురించి చర్చా పేజీలో చర్చిస్తున్నప్పుడు, నా వాక్యంలో 'కాదు'ను ఎవరో తీసేశారు. కింద సంతకం మాత్రం నాదే! చాలా బాధేసింది. రాసినవాళ్లకే సవరణ హక్కు ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

కానీ అలా తాళం వేస్తే నష్టాలూ ఉన్నాయి. కొత్తగా వచ్చిన అమ్మాయి తెలియక ఫోన్ నంబర్ పెట్టేస్తే? ఎవరైనా బూతులు రాస్తే? నిర్వాహకులు వచ్చేదాకా అవి అందరికీ కనబడుతూనే ఉంటాయి. అందరికీ వీలుంటే, చూసినవాళ్లే వెంటనే తీసేస్తారు. పేజీ పాత కూర్పుల్లో (మార్పుకు ముందున్న రూపాల్లో) కనబడకుండా దాచడానికి మాత్రం నిర్వాహకులే రావాలి. తెగిన లింకు, తప్పిన ఇండెంటు (జవాబు ముందు వదిలే ఖాళీ) సరిచేయడం కూడా తేలికే.

నా ఓటు తలుపు తెరిచి ఉంచడానికే. ఎవరు ఏం మార్చారో పేజీ 'చరిత్ర'లో కనబడుతుంది కదా. అయితే అర్థం మారేలా ఒక్క అక్షరం కూడా ముట్టుకోకూడదు. నా 'కాదు' ఆ చరిత్రలోనే దొరికింది, రద్దు చేసి వెనక్కి తెచ్చుకున్నాను.