నేపాల్‌లో ఇళ్ళు కట్టే యాత్ర: ఝాపా వెదురా, కాభ్రే ఇటుకా?

తాపీ పట్టడం రానివాళ్ళు నేపాల్‌లో పేద కుటుంబాలకు ఇళ్ళు కట్టే స్వచ్ఛంద బృందంలో చేరేటట్టయితే తూర్పున ఉన్న ఝాపా జిల్లాకు వెళ్ళడమే మేలు. ఖాట్మండు పక్కన కాభ్రే జిల్లాలో కొండగాలి, అక్కడి పనౌతి ఊళ్ళో ఆడవాళ్ళు నడిపే హోమ్‌స్టేలు, అన్నీ బాగుంటాయి. కానీ అక్కడిది ఇటుక పని. 2015 ఏప్రిల్ 25 భూకంపం చూశాక గోడ మూలలు, కిటికీల పైనా కిందా ఇనప కడ్డీలతో వేసే కాంక్రీటు పట్టీలు మేస్త్రీ ఇంకొకరికి వదలడు, వదలకూడదు కూడా. వచ్చినవాళ్ళకు ఇసుక జల్లించడం, ఇటుకలు అందించడమే మిగులుతుంది.

ఝాపాలో వెదురు ఇళ్ళు కడతారు. మన పల్లెల్లో తడిక అల్లినట్టే బద్దలు అల్లి, చట్రానికి బిగించి, రెండువైపులా సిమెంటు పూత పూస్తారు. కొత్త చేతులు చెడగొట్టేది మేకు దగ్గర. ఎండిన బొంగులోకి నేరుగా మేకు కొడితే నిలువునా చీలిపోతుంది. ముందు డ్రిల్లుతో బెజ్జం వెయ్యాలి, అదీ కణుపుకు దగ్గరగా. మూడేళ్ళు నిండిన వెదురే వాడాలి. లేతదాంట్లో పిండిపదార్థం ఎక్కువ, పురుగు పడుతుంది. పురుగు పట్టకుండా కణుపుల లోపలి అడ్డుగోడలు పొడవాటి ఊచతో పొడిచి, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు.

దారి సులువే. విజయవాడ మీదుగా గువహాటి వెళ్ళే రైళ్ళలో న్యూ జల్పాయ్‌గురి దాకా, అక్కడినుంచి టాక్సీలో పానీటంకీ, సరిహద్దు వంతెన దాటితే నేపాల్ వైపు కాకర్‌భిట్టా. తొందరగా చేరాలంటే ఖాట్మండు నుంచి ఝాపాలోని భద్రపూర్‌కు విమానం ఉంది. మన దేశం నుంచి నేపాల్‌కు విమానంలో వెళ్ళే పదిహేను, అరవై అయిదేళ్ళ మధ్యవాళ్ళకు పాస్‌పోర్టో ఓటరు కార్డో కావాలి, ఆధార్ చెల్లదు. మన వంద రూపాయలు అక్కడ నూట అరవై. వంద నోట్లే పట్టుకెళ్తే గొడవ లేదు. అమెరికా పాస్‌పోర్టున్న తెలుగువాళ్ళు మాత్రం జాగ్రత్త: పర్యాటక వీసా మీద జీతం లేని పని కూడా నిషేధం. పిలిచిన సంస్థ అనుమతి సంగతి రాతపూర్వకంగా చెప్పేదాకా టికెట్ కొనకండి.

బస ఝాపాలోని బిర్తామోడ్ పట్నంలో, హోటల్లో అయితే వేడినీళ్ళు, ఫ్యాను దొరుకుతాయి గానీ, రోజూ రాకపోకలకే పొద్దు గడిచిపోతుంది. ఊళ్ళోనే ఒక ఇంట్లో ఉండటం నయం. పొద్దున టిఫిన్ ఆశించకండి: తొమ్మిది, పది మధ్య దాల్‌భాత్, మధ్యాహ్నం అటుకులో చిరుతిండో, రాత్రి మళ్ళీ దాల్‌భాత్. పచ్చడి సీసా ఒకటి వెంట ఉంచుకోవచ్చు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, ఆ తర్వాత దశైం, తిహార్ పండగలకు మేస్త్రీలు దొరకరు. నవంబరు మధ్య నుంచి మార్చి దాకా వెళ్ళండి.

పూత దగ్గర ఆత్రం పనికిరాదు. తడికను ముందు తడపాలి, లేకపోతే వెదురు నీళ్ళు పీల్చేసి పూత పగులుతుంది. మొదటి పూత గట్టిపడకముందే గీతలు గీసి, ఆపైన తడి ఆరనివ్వకుండా చూసి, గట్టిపడ్డాకే రెండోది వెయ్యాలి. ఈలోగా తిరుగు రైలు రోజు వచ్చేస్తే ఆ రెండో పూత ఇంటివాళ్ళకే వదిలెయ్యండి.